హోండురాస్ చేరకూడని వలంటీరు

“నువ్వు హోండురాస్‌కి బయల్దేరాలి. కానీ చేరకూడదు.”

డుమస్ బీచ్‌లో టమాటా భజియాలు వేయిస్తూ చెప్పాడు అంబదాస్. సీక్రెట్ సర్వీస్ చీఫ్‌కి ఆ నూనె మరకల చొక్కా బాగానే నప్పింది. ఏజెంట్ స్వరాజ్యం ప్లేటు అందుకుంది.

“హోండురాస్ దేశపు కొండల్లో పిల్లలకి చదువు చెప్పే వలంటీర్లు కావాలంటున్నాడు విక్టర్ అనే విదేశీయుడు. రేపు మొదటి బ్యాచ్. విచిత్రమేమిటంటే, అందరూ ఇక్కడికి దగ్గర్లోని హజీరాలో సైన్యానికి రక్షణ పరికరాలు తయారుచేసే ఒకే ఫ్యాక్టరీలోని తెలుగు ఉద్యోగులు.”

“లోపల మనవాళ్లు?”

“హారతి. విక్టర్ సెక్రటరీ. ‘ఊర్ల వానలు పడ్డయా?’ అంటుంది. ‘కుంట నిండింది’ అను. నీ చెవి కమ్మలో ట్రాన్స్‌మిటర్ ఉంది. ఆధారం దొరకగానే నొక్కు. నేనిక్కడే ఉంటా.”

మర్నాడు ఫ్యాక్టరీ నర్సు వేషంలో స్వరాజ్యం బీచ్ పక్క బంగళాలో అడుగుపెట్టింది. ట్రైనింగ్ అన్నారు. ఫోన్లు తీసుకున్నారు. నీలం టీషర్టులిచ్చారు. వలంటీర్లందరినీ ఒకే గదిలో పెట్టి తాళం వేశారు. కిటికీలకి ఇనప రేకులు. గాలి లేదు.

మధ్యాహ్నం హారతి వచ్చింది. ఎర్ర సిల్కు చీర, ఘాటైన సెంటు. స్వరాజ్యం చెవిలో కోడ్ సరిగ్గానే చెప్పింది. జవాబు వినగానే నవ్వి, కమ్మ లాగేసి హైహీల్ కింద నలిపేసింది.

“సారీ డార్లింగ్. రెండు వైపులా పనిచేసి అలిసిపోయాను. సాయంత్రం పడవ ఎక్కాక సముద్రంలో నీకు శాశ్వత సెలవు.”

తలుపు మళ్లీ మూసుకుంది. తను ఇక్కడున్నట్టు అంబదాస్‌కి తెలుసు. ఆపదలో ఉన్నట్టు తెలియదు.

“మనల్ని బంధించిండ్రు తమ్మీ,” అంది పక్కనున్న ఎలక్ట్రీషియన్ ప్రణయ్‌తో.

“ఊకో అక్కా. పిల్లలకు సదువు జెప్పాలని ఎన్నేండ్ల సందో అనుకుంటున్న. జర మంచిమాట మాట్లాడు.”

పక్క గదిలో ఎవరో ఏదో వల్లె వేస్తున్నారు. ప్రణయ్ కుర్చీ ఎక్కి వెంటిలేటర్‌లోంచి చూశాడు. గబుక్కున కిందికి దిగాడు.

“అక్కా... ఆడ నేనున్న.”

స్వరాజ్యం కూడా చూసింది. అద్దం ముందు, నీలం టీషర్టులో, అచ్చం ప్రణయ్. సిలికాన్ మాస్క్! “నా పేరు ప్రణయ్. నేను ఎలక్ట్రీషియన్‌ను,” అని ప్రాక్టీస్ చేస్తున్నాడు. అసలువాళ్లు సముద్రంలోకి, నకిలీలు ఫ్యాక్టరీలోకి. అదీ ప్లాను.

“మల్ల మనల్నేం జేస్తరు?”

“ఏం జెయ్యనియ్యం,” అంటూ స్వరాజ్యం తలుపు పక్కకి జరిగి నిలబడింది.

కాసేపటికి నకిలీ ప్రణయ్ అసలు ప్రణయ్ ఐడీ కార్డు కోసం లోపలికొచ్చాడు. కాపలావాడు బయట గడియ పెట్టాడు. మెడ మీద స్వరాజ్యం ఒక్క కరాటే దెబ్బ వేసింది. నకిలీ కూలబడ్డాడు. నోట్లో గుడ్డ కుక్కి, చేతులు కట్టి, దుప్పటి కప్పారు.

“ఇప్పుడు నువ్వే వాడు. మెల్లగ నడువు, ఉరకకు. బీచ్‌ల భజియాలాయనకు చెప్పు.”

ప్రణయ్ తలుపు తట్టాడు. కాపలావాడు తీశాడు. వరండాలో విక్టర్ ఎదురయ్యాడు.

“నీ ఊరు?” అన్నాడు తెలుగులో.

“సిర్సిల్ల సార్. జర బయట తిరిగొస్త.”

విక్టర్ దగ్గరికొచ్చి మొహం తడిమాడు. “మాస్క్ అద్భుతం. తెలుగే బాగాలేదు. ఇంకా ప్రాక్టీస్ చెయ్యి,” అని పక్కకి తప్పుకున్నాడు. ప్రణయ్ మెల్లగా నడిచి గేటు దాటాడు.

గదిలో నిమిషాలు కదలడం లేదు. చివరికి హారతి పిస్టల్‌తో వచ్చింది. అందరినీ లెమ్మంది. దుప్పటి కింది మనిషి మూలిగాడు. ఆమె దుప్పటి లాగింది, చెంప దగ్గర ఊడిన మాస్క్ చూసింది.

“అసలువాడేడీ?”

స్వరాజ్యం వీపు గోడకి తగిలింది. ట్రిగ్గర్ మీద హారతి వేలు బిగిసింది.

అదే క్షణంలో అంబదాస్ జీపు గుద్దుకి బంగళా గేటు కూలింది. హారతి తల తిప్పింది. స్వరాజ్యం కాలు లేచింది. పిస్టల్ గోడకి కొట్టుకుని కిందపడింది.

పెరట్లో విక్టర్ దొరికాడు. బేడీలు చూసి హారతి అరిచింది. “నేను మీ మనిషినే!”

“అందుకే మా జీపులోనే తీసుకెళ్తాం,” అన్నాడు అంబదాస్.

ప్రణయ్ మెట్ల మీద కూర్చుండిపోయాడు. “అంటే, హోండురాస్‌ల ఆ బడే లేదా అక్కా?”

“లేదు తమ్మీ.”

చావు తప్పిందన్న సంతోషం కంటే ఆ మాటే అతనికి ఎక్కువ తగిలింది. స్వరాజ్యం అతని భుజం మీద చెయ్యి వేసింది. తర్వాత చీఫ్ వైపు తిరిగింది.

“కొన్నాళ్లు సెలవు కావాలి సార్.”

“ఎక్కడికెళ్తావ్?”

“ఎక్కడికీ కాదు. తలుపులన్నీ తీసిపెట్టుకుని ఇంట్లోనే కూర్చుంటా.”