తవుడుకి అమ్ముకున్న కొడుకు

"ఓలమ్మో! మళ్ళీ మెడ బిగిసిపోనాదే!"

సుభద్రమ్మ కేక విని తాయారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. మంచం మీద అయిదేళ్ళ తవిటయ్య విల్లులా వెనక్కి వంగిపోయి ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది. కిటికీ లోంచి వెలుతురు పడితే చాలు, ఓర్చుకోలేక కీచుమంటున్నాడు. అదే జ్వరం, అదే మెడ బిగింపు... వీడికి ఇది మూడోసారి! వీడికి ముందు పుట్టిన పెద్దాణ్ణి ఈ పాడు జబ్బే పొట్టన పెట్టుకుంది. "బాబూ!" అంటూ గుండెలకు హత్తుకోబోయిన తాయారును సుభద్రమ్మ రెక్క పట్టుకుని వెనక్కి లాగింది.

"నువ్వు ముట్టుకోకే! ఆడు నీ బిడ్డ కాదు. లచ్మణమ్మని పిలు!"

ఎంత మాట! తొమ్మిది నెలలు మోసి కన్నది తాయారే! కానీ పెద్దవాడు పోయాక, వీడు పుట్టీ పుట్టగానే సుభద్రమ్మ పక్కింటి లక్ష్మణమ్మ చేత చేటెడు తవుడు తెప్పించింది. ఆ తవుడు పుచ్చుకుని పసిగుడ్డును ఆమెకు అమ్మేసింది. లక్ష్మణమ్మ కన్న పిల్లలంతా దుక్కల్లా ఉన్నారు, ఆమె బిడ్డగా చెలామణీ అయితే మృత్యువు వీడివైపు చూడదని ఆశ. నరసన్నపేట చుట్టుపక్కల ఇలా తవుడుకి అమ్ముడైన తవిటయ్యలు వీధికొకరున్నారు. అమ్మారన్న పేరే గానీ వాడు పెరిగింది ఈ ఇంట్లోనే, తాగింది తాయారు పాలే. అయితేనేం, వాడికి అమ్మ లక్ష్మణమ్మ. తాయారు ఉత్త 'అత్త'! కన్నతల్లినని నోరు జారితే బేరం చెడి బిడ్డ దక్కడని సుభద్రమ్మ ఒట్టు వేయించుకుంది. ఆవిడ అత్తగారే కాదు, అమ్మమ్మ కూడా. తల్లి పోయిన తాయారును పెంచి పెద్దచేసి, కొడుకు గణపతిరావుకే ఇచ్చి చేసింది. అలాంటి మనిషి మాటను ఎలా కాదనగలదు!

గణపతిరావు రోడ్డెక్కి విశాఖపట్నం పోయే లారీని బతిమాలి ఆపాడు. దారి పొడుగునా పిల్లవాడి తల లక్ష్మణమ్మ ఒళ్ళో, కాళ్ళు తాయారు ఒళ్ళో. ఆ చిన్నారి పాదాలను పట్టుకుని తాయారు చప్పుడు లేకుండా కుమిలిపోయింది.

పెద్దాసుపత్రిలో డాక్టరు నారాయణమూర్తి పిల్లవాణ్ణి చూడగానే గుర్తుపట్టాడు. కిందటేడు బతికించింది ఆయనే. వెన్నులో సూది గుచ్చి నీరు తీస్తే మజ్జిగలా తెల్లగా వచ్చింది.

"మెదడు పొరలకు మళ్ళీ చీము పట్టింది. ఒకసారంటే సరే, ఇన్నిసార్లు ఎందుకు వస్తుంది? ఏమ్మా, పోయినసారీ అడిగాను. నీ పిల్లల్లో గానీ, నీ పుట్టింటివైపు గానీ మగపిల్లలెవరైనా ఇలాగే పోయారా?"

ఆయన అడిగింది లక్ష్మణమ్మను! ఆమె బెదురుగా సుభద్రమ్మ వైపు చూసింది.

"దాని అన్నదమ్ములు గుండ్రాళ్ళలాగున్నారు బావూ! పిల్లలకీ జొరవన్నదే తెల్దు," అంది సుభద్రమ్మ తడుముకోకుండా. లక్ష్మణమ్మ గురించైతే ఒక్క ముక్కా అబద్ధం కాదు!

"అయితే నా అనుమానం తప్పే," అంటూ డాక్టరు వెనుదిరిగాడు. కిందటేడూ ఆయన ఇలాగే వెనుదిరిగాడు. అప్పుడూ తాయారు ఒట్టుకు కట్టుబడి గోడవారగా నిలబడింది. ఈ నోరు ఇంకెందుకు? బిడ్డ పోయాక ఏడవడానికా!

"ఆగండి డాట్రుగారూ! ఆడి అమ్మని నాను! ఆణ్ణి నాను కన్నాను!"

"ఒసే తాయారూ! బిడ్డని సంపేసుకుంటావేటే!" సుభద్రమ్మ ఆమె నోరు మూయబోయింది.

"ఒగ్గీ అమ్మమ్మా! నా పెద్దోడు ఇలాగే పోనాడు బావూ... ఇదే జొరం, ఇలాగే మెడ బిగిసిపోయి! మా అమ్మ తమ్ముళ్ళు ఇద్దరు పసితనంలోనే పోనారు. ఎలాగ పోనారో ఈవిడికే తెలుసు. సెప్పమ్మమ్మా... నీ కాళ్ళట్టుకుంటాను, సెప్పు!"

సుభద్రమ్మ గోడకు జారగిలబడి అలాగే కూలబడిపోయింది.

"మెడ ఎనక్కి ఇరుసుకుపోయే పోనారు... ఇద్దరూ అంతే! ఈ గణపతొక్కడే మిగిలినాడు. బయటికి తెలిస్తే మా ఇంటి ఆడపిల్లని ఎవుళు సేసుకుంటారని నోరు కట్టీసుకున్నాను బావూ..."

డాక్టరు తాయారు వైపు తిరిగాడు.

"రోగాన్ని ఎదిరించే పదార్థం ఒకటి మనందరి రక్తంలో ఉంటుందమ్మా. కొందరికి పుట్టుకతోనే ఉండదు. ఆ లోపం తల్లుల్లో దాక్కుంటుంది, వాళ్ళకేమీ కాదు. మగబిడ్డల్లో బయటపడుతుంది. దానికి సూదిమందు ఉంది. మద్రాసు నుంచి తెప్పిస్తాను, బతికినన్నాళ్ళూ నెలనెలా వేయించాలి. ఈ మాట కిందటేడే చెప్పి ఉంటే... ఈసారి ఈ జబ్బు వచ్చేదే కాదు!"

తాయారు చెంగు నోట్లో కుక్కుకుంది. సుభద్రమ్మ పాక్కుంటూ వచ్చి ఆమె కాళ్ళను చుట్టేసింది. "నా కడుపులోంచి మీ అమ్మకి, దాన్నుంచి నీకు... పాపం నాదైతే ఇన్నాళ్ళూ నీ జాతకాన్ని తిట్టినానే తల్లీ!"

"లెగమ్మమ్మా... నీకు మాత్రం ఏటి తెలుసు!" తాయారు ఆమెను లేవదీసి పట్టుకుంది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. గణపతిరావు తలవంచుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

రక్తపరీక్షలో డాక్టరు అనుమానమే నిజమైంది. మద్రాసు మందు వచ్చింది, మొదటి సూదీ పడింది. జ్వరం దిగింది. ఒక ఉదయం తవిటయ్య కళ్ళు తెరిచాడు!

"ఎల్లు తాయారమ్మా, నీ బిడ్డ నీకే. నాకా బేరవొద్దు," అంటూ లక్ష్మణమ్మ మంచం దగ్గర్నుంచి తప్పుకుంది.

సుభద్రమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఒరే నాయినా, ఇది అత్త కాదురా... మీ అమ్మ! అమ్మా అని పిలవరా!"

తాయారు మంచం దగ్గరికి వచ్చింది. ఇన్నేళ్ళూ గొంతులో అదిమిపెట్టుకున్న మాట! "బాబూ... నాను అమ్మని. మీ అమ్మనిరా!"

తవిటయ్య ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత సుభద్రమ్మ ముఖంలోకి చూశాడు.

"అత్తా, అందరూ ఊరికే నోళ్ళాడిస్తన్నారేటి? గట్టిగా మాటాడండి!"

డాక్టరు గబగబా మంచం వెనక్కి వెళ్ళి చప్పట్లు చరిచాడు. వార్డంతా ఇటు తిరిగింది. పిల్లవాడు మాత్రం తాయారునే చూస్తున్నాడు.

"ప్రాణం దక్కిందమ్మా," అన్నాడాయన గొంతు తగ్గించి. "చీము చెవుల నరాలను తినేసింది. ఇక వినపడదు."

తాయారు వంగి, వాడి చెంపలు రెండు చేతుల్లోకి తీసుకుని, వాడి కళ్ళెదుట పెదవులు మెల్లగా కదిపింది... "అమ్మ... అమ్మ..."

వాడు కాసేపు వింతగా చూసి, ఆమె చెంగు పట్టుకున్నాడు.

"అత్తా, ఆకలేస్తన్నాది."

తాయారు తలూపి, గంజి కలపడానికి లేచింది.