అమావాస్యకు పళ్లు కొరికే లారీ

పెనుకొండ నుంచి ధర్మవరం పోయే పాత దారిలో, మూతబడిన పెట్రోలు బంకు ఒకటుంది. పగలు దాని నీడలో మేకలు పడుకుంటాయి. పొద్దు గూకితే మాత్రం అటువైపు ఎవరికీ మెడ తిరగదు.

ఆ బంకు రేకుల కింద ఎనిమిదేళ్లుగా ఒక లారీ నిలబడి ఉంది. అమావాస్య రాత్రి అది పళ్లు కొరుకుతుందట — కిర్ర్... టక్. కిర్ర్... టక్. ఆ తర్వాత హారన్. రెండు పొట్టివి, ఒకటి పొడుగు. బ్యాటరీ లేని బండికి హారన్.

విన్నవాళ్లంతా మగవాళ్లే. ఒకాయనైతే చెప్పులు అక్కడే వదిలేసి ఇంటిదాకా పరిగెత్తాడు. మర్నాడు వాటిని తెమ్మని పెళ్లాన్ని పంపాడు. ధైర్యమంటే అదీ.

లారీ మాబుసాబ్‌ది. హిందూపురం మార్కెట్టుకు చింతపండు దించి వచ్చి, బండిని బంకులో పెట్టి, ఎదలో మంటగా ఉందని ఇంటికి నడిచిపోయి పడుకున్నాడు. మళ్లీ లేవలేదు.

ఆయన కూతురు అర్షియా స్కూలు వ్యాను తోలుతుంది. పెద్ద బండి లైసెన్సూ తీసింది. నాయన లారీ తోలాలని ఆమె పట్టు. చిన్నాయన ముస్తఫా ఆ లారీని పాత ఇనుముకు మాట్లాడేసి వచ్చాడు.

"శుక్రవారం తెల్లారి కోసేవాళ్లు వస్తాండారు. ఆలోగా దాని కాళ్ల మీద అది రోడ్డెక్కితే నీది. లేదంటే ముక్కలే."

"మాట మీద ఉంటావా చిన్నాయనా?"

"దెయ్యమే దిగొచ్చి తోలినా ఉంటా, పో."

అర్షియా మెకానిక్ ఉలిగప్పను పట్టుకుంది. పగలు ఆయన పులి. బంకులో కాలు పెట్టగానే చేసిన మొదటి పని — లారీ హారన్ ఊడదీసి తన గోనెసంచిలో వేసుకోవడం.

"మోగేది ఉంటే కదా పాపా, మోగేది," అన్నాడు.

తర్వాత ఇంజను తిప్పి చూసి, చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఎనిమిదేళ్లు కదలని ఇంజను బిగుసుకుపోవాల. ఇది నిన్న ఆపినట్ల తిరుగుతాండాది. ఎవురో తిప్పుతాండారు... మనిషి కాదు."

"ఎవురైతే ఏమి, మన పని సగం చేసినారు కదన్నా. పానా అందుకో."

వారం రోజులు ఇద్దరూ గ్రీజులో మునిగారు. టైర్లు మార్చారు, బ్రేకులు విప్పి బిగించారు, నాజిళ్లు కడిగారు. గురువారం సాయంత్రానికి బ్యాటరీ కూర్చుంది, ట్యాంకులో డీజిలు పడింది. ఆ గురువారమే అమావాస్య.

తల్లి జైతున్‌బీ భయపడుతుందని, "రాత్రి ఉలిగప్పన్న షెడ్డులో పనుందమ్మా," అని చెప్పి వచ్చింది అర్షియా.

రాత్రి పదకొండు. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది, అంటుకోవడం లేదు. పంపుకు ఒక్క చుక్క డీజిలు రావడం లేదు.

"పైపు యాడో పూడిపోయింది," అంటూ ఉలిగప్ప టార్చి పట్టుకుని లారీ కిందికి దూరాడు. అర్షియా కూడా దూరింది.

అప్పుడు వినబడింది. కంకర మీద అడుగులు... ఆగి, మళ్లీ అడుగులు.

ఉలిగప్ప టార్చి ఆర్పేశాడు. చీకటి వచ్చి మొహానికి అతుక్కుంది.

లారీ ముందువైపు ఏదో ఇనుము ఇంజనుకు తగిలింది. ఇద్దరి నెత్తి మీదే —

కిర్ర్... టక్.

కిర్ర్... టక్.

"పాపా," ఉలిగప్ప గొంతు పీలగా వచ్చింది. "కాళ్లు... పాదాలు ముందుకుండాయా, వెనక్కుండాయా... చూడు."

"నువ్వే చూడన్నా, నీకే దగ్గర."

"నేను కండ్లు మూసుకోనుండా."

అర్షియా మోచేతుల మీద పాకింది. చుక్కల వెలుగులో మొదట పాదాలు కనబడ్డాయి. ముందుకే ఉన్నాయి. హవాయి చెప్పులు — ఒకదాని పట్టీ నీలం, ఇంకోదాని పట్టీ ఆకుపచ్చ. నీలం పట్టీకి పిన్నీసు.

ఆ పిన్నీసు పెట్టింది అర్షియానే.

"అమ్మా?"

పైన పానా కింద పడింది. "యా అల్లా," అన్నది దెయ్యం. "షెడ్డులో ఉంటానంటివే దొంగదానా."

జైతున్‌బీ చేతిలో పానాకు తొడిగే బారెడు ఇనుప పైపు, కొంగున మూడు నిమ్మకాయలు. ఉలిగప్ప ఒక కన్ను తెరిచి, పాక్కుంటూ బయటికి వచ్చాడు.

"మీ నాయన చెప్తాండె, ఇంజను తిప్పకుంటే చచ్చిపోతాదని. అమావాస్య అమావాస్యకు వచ్చి ఒక సుట్టు తిప్పి పోతా. రేపు కోస్తే కోయనీ, ఈ అమావాస్య ఎందుకు తప్పించల్ల?"

"ఎనిమిదేళ్లు! ఒంటిగా, రాత్రిపూట... భయం కాలేదా?"

"ఎవురికి? దెయ్యమనుకుంటే ఒక్క మగోడూ దగ్గరికి రాడు. ఆడది అనుకుంటేనే కదే, వెంటబడేది."

ఉలిగప్ప తల దించుకుని పానా తుడిచాడు.

"యాడికొచ్చి ఆగింది పని?" అడిగింది జైతున్‌బీ.

"డీజిలు రాలేదక్కా."

"ఎట్ల వస్తాది? దొంగల భయానికి ఆయన డీజిలు పైపుకు టూల్‌బాక్సు వెనక ఇంకో కొళాయి పెట్టించినాడు. నాకు తప్ప ఎవురికీ తెలీదు. నన్నొక్క మాట అడిగినారా మీరు?"

చెయ్యి లోపలికి పెట్టి తడిమింది. కొళాయి తిరిగింది. ఉలిగప్ప పైపులో గాలి తీశాడు, డీజిలు బుసబుసా వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది జైతున్‌బీ. బండి ఆచారం బండిది, మన ఆచారం మనది అనేవాడట మాబుసాబ్. అర్షియా స్టీరింగు ముందు కూర్చుంటే, జైతున్‌బీ బిస్మిల్లా అనుకుని పక్కన ఎక్కి కూర్చుంది. ఉలిగప్ప సంచి ఒళ్లో పెట్టుకుని ఆ చివర ఒదిగాడు.

సెల్ఫ్ కొట్టింది అర్షియా. లారీ దగ్గింది, నల్లగా పొగ కక్కింది, ఒళ్లు విరుచుకుని గర్జించింది. నిమ్మకాయలు చితికాయి. ముందు చక్రాలు తారు రోడ్డెక్కాయి, వెనక చక్రాలూ ఎక్కాయి. లారీ ఇక అర్షియాదే.

"ఇంగ దెయ్యం లేదని ఊరికంతా చెప్తా," ఉలిగప్పకు పులితనం తిరిగొచ్చింది. "అయితే అక్కా, పళ్లు కొరికేది పానా శబ్దం, సరే. హారన్ ఎట్ల కొడ్తాంటివి?"

"హారనా? నేనెప్పుడు కొడ్తి? బ్యాటరీ యాడుండె?"

అర్షియా గేరు మార్చింది.

పెనుకొండ మలుపు వచ్చింది. ప్రతిసారీ అక్కడే మాబుసాబ్ హారన్ కొట్టి ఇంటికి కబురు పెట్టేవాడు, అన్నానికి ఎసరు పెట్టమని.

పాం... పాం... పాఁ...ం.

అర్షియా రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. ఉలిగప్ప మెల్లగా, చాలా మెల్లగా, సంచి మూతి విప్పి లోపలికి చూశాడు. హారన్ అందులోనే ఉంది, చల్లగా.

జైతున్‌బీ కొంగు నెత్తిన సర్దుకుంది.

"ఏం తొందర నీకు," అన్నది చీకట్లోకి. "వస్తాండాం కదా."