నాలుగు మూలల పసుపు

"మా నాయన ఖాతాలో దుడ్డు లేదని రాసిన మహానుభావుడు ఈడ ఎవరు?"

చెన్నై పురసవాక్కంలోని ఆ బ్యాంకులో అందరూ తలలెత్తారు. అడిగిన అమ్మాయి పేరు కోకిల. గొంతులో మాత్రం ఆ పేరు ఛాయలు లేవు. చేతిలో ఒక చెక్కు, దానికి పిన్ను కొట్టిన చిన్న చీటీ ఉన్నాయి. ఖాతాలో తగినంత సొమ్ము లేదు కాబట్టి చెక్కు తిప్పి పంపుతున్నామని చీటీలో ఉంది.

కిటికీ పక్క సీట్లోంచి భాష్యం లేచాడు. తెనాలి కుర్రాడు. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు, ప్రొబేషన్ నడుస్తోంది. వేరే బ్యాంకుల నుంచి వచ్చే చెక్కుల బొమ్మలు కంప్యూటర్లో చూసి, పాస్ చేయడమో తిప్పి పంపడమో అతని పని.

"నేనేనండీ. కూర్చోండి."

"కూర్చునేదానికి రాలేదు. అకౌంట్ తెరిచి చూడండి."

చూశాడు. కావలసినదానికంటే ఎక్కువే ఉంది. భాష్యం చెవులు ఎర్రబడ్డాయి. చెక్కు అడిగి తీసుకుని వెలుగులో పట్టుకున్నాడు. నాలుగు మూలలా పసుపు. కింది మూలది తడారకముందే మడిచినట్టున్నారు, సంతకం మీదికి పాకి అక్కడే ఎండిపోయింది.

"ఇదేంటండీ?"

"పసుపు. మీ ఊళ్ళో దొరకదా?"

"చెక్కుకి పసుపు ఎవరు పూస్తారండీ?"

"మేము పూస్తాము. మంచి పని మొదలుపెడితే మొదటి కాగితానికి నాలుగు మూలలా పెట్టేది మా ఇంట్లో అలవాటు. మీ మిషనుకు సరిపడకపోతే ఆ మాట రాయాల. దుడ్డు లేదని ఎట్ట రాస్తారు?"

నిజమే. బొమ్మ సరిగా లేదు, అసలు చెక్కు పంపండి అని రాయాల్సింది. కానీ కంప్యూటర్లో కారణాల పట్టీ తెరిస్తే అన్నిటికంటే పైన ఉండేది డబ్బు లేదన్న కారణం. గడువు ముంచుకొస్తుంటే భాష్యం వేలు కంగారులో దాని మీదే పడింది. ఆ ఒక్క నొక్కుకు కోకిల నాయన యతిరాజులు పరువు చూలై వీధిన పడింది.

యతిరాజులుకు చూలైలో లేత్ వర్క్‌షాప్ ఉంది. పంపుసెట్లకు షాఫ్టులు చెక్కి ఇస్తాడు. పాత కట్టడం కూలగొట్టి అపార్ట్‌మెంట్లు కడతామని ఖాళీ చేయమన్నారు. చెప్పులరిగేలా తిరిగితే మాధవరంలో ఒక షెడ్డు దొరికింది. దాని ఓనర్ గోవిందసామికి అడ్వాన్సుగా ఇచ్చిన చెక్కు ఇది. అది తిరిగి రాగానే ఆయన చూలై వచ్చి, టీ కొట్టు ముందు నిలబడి, చెక్కు యతిరాజులు చేతిలో కొట్టి, నలుగురికీ వినపడేలా దులిపేశాడు. ఆన్‌లైన్లో వేస్తామన్నా వినలేదు. చెక్కు తిరిగొచ్చిన బేరం అపశకునమట, రేపు షెడ్డు ఇంకొకరికి ఇచ్చేస్తాడట. ఆ మాట విన్నప్పటినుంచి యతిరాజులు లేత్ ఆపేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"సారీ అండీ" అన్నాడు భాష్యం. "మళ్ళీ వేయమనండి. దగ్గరుండి పాస్ చేయిస్తాను."

"మీ సారీ నాకెందుకు? దుడ్డు ఉంది, తప్పు మాది అని రాసియ్యండి. ఖాతాలో ఉండి చెక్కు సరిగ్గా ఉంటే బ్యాంకు ఇచ్చే తీరాల. ఇయ్యకపోతే మాకు నష్టం కట్టాల. చెక్కుల చట్టం, సెక్షన్ ముప్పై ఒకటి. నేనూ బీకాం చదివినాను."

"చెక్కు సరిగ్గా ఉంటేనండీ. ఇది పెళ్ళికూతురిలా పసుపు పూసుకుని వచ్చింది."

కోకిల చూసిన చూపుకి అతను మిగతా మాట మింగేశాడు. ఆ కళ్ళు ఇంత కోపంలో కూడా ఇంత బాగున్నాయేమిటని అనిపించింది. అనిపించినందుకు తనని తానే తిట్టుకున్నాడు.

మేనేజర్ విజి మేడమ్ ఇద్దర్నీ క్యాబిన్లోకి పిలిచి, కస్టమరే చెక్కు పాడు చేశాడు అని మాత్రం రాసిస్తామంది. అంతకు మించి రాస్తే తప్పు ఒప్పుకున్నట్టవుతుందట. మన సంతకంలో ఒక తోక తగ్గితే బ్యాంకులు మనల్ని దొంగల్ని చూసినట్టు చూస్తాయి. తమ తప్పు బయటపడితే మాత్రం సిస్టమ్ అంటాయి. ఆ సిస్టమ్ ఎక్కడ కూర్చుంటుందో ఎవరికీ చెప్పరు.

"ఆ కాగితం మీరే పెట్టుకోండి" అని కోకిల బయటికి వచ్చేసింది.

బయట వాన. బట్టల షాపుల వాళ్ళు పట్టలు దించుతున్నారు. ఆమె స్కూటీ పక్కన తడుస్తూ నిలబడి ఉంటే భాష్యం పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"రాసిస్తానండీ. బ్యాంకు తరఫున కాదు, నా తరఫున. కాకపోతే మీ నాన్నగారి ఖాతా సంగతి బయటివాళ్ళకి చెప్పడానికి ఆయన ఒప్పుకోవాలి. అది కూడా బ్యాంకు రూలే."

కోకిల నాయనకు ఫోన్ చేసి అడిగింది. "చెప్పమనమ్మా" అన్నాడు యతిరాజులు.

"ఉత్తరం రాసిచ్చి లోపలికి పోతారా?" అడిగింది.

"లేదండీ. నేనూ వస్తాను."

మాధవరం దాకా ఆమె బండి నడిపింది. అతను వెనక కూర్చున్నాడు. ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగి తిట్టింది, పచ్చ దీపం పడగానే తిట్లు ఆపింది. పాల కాలనీ దాటేసరికి ఇద్దరూ తడిసి ముద్దయ్యారు.

గోవిందసామి షెడ్డు గేటు దగ్గరే ఉన్నాడు. భాష్యం వచ్చీరాని తమిళంలో, "తప్పు నాది. ఆయన డబ్బు ఉంది. నేను సరిగ్గా చూడలేదు" అని చెప్పి ఉత్తరం ఇచ్చాడు. గోవిందసామి ఉత్తరం కంటే అతని ముఖాన్నే ఎక్కువసేపు చదివాడు.

"బ్యాంకువాడు తన తప్పని చెప్పుకోవడం ఇదే చూడటం. సరే, చెక్కు మళ్ళీ వేస్తాను. షెడ్డు మీదే" అన్నాడు తమిళంలో.

"సరిపోదు" అంది కోకిల. "టీ కొట్టు ముందర అన్నారు కదా. ఆడికే వచ్చి చెప్పండి."

మర్నాడు పొద్దున ఆయన వచ్చి చెప్పాడు. యతిరాజులు టీ డబ్బులు తనే ఇచ్చి, వర్క్‌షాప్‌కు వచ్చి లేత్ ఆన్ చేశాడు.

కథ అక్కడితో అయిపోయేదే. కానీ ఒకరోజు యతిరాజులు బ్యాంకుకు వెళ్ళి, ముఖం వేలాడేసుకుని వచ్చాడు. ఉత్తరం సంగతి పైకి పోయిందట. భాష్యానికి మెమో ఇచ్చి, ఉద్యోగం పర్మనెంట్ చేయడం ఆపేశారట. ఇంకో అరగంటలో కోకిల అతని టేబుల్ ముందు ఉంది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేస్తారు?"

"కొట్లాడతాను."

"అందుకేనండీ చెప్పలేదు."

"పెద్ద హీరో అనుకుంటున్నారా? ఎవరు చేయమన్నారు?"

"తప్పు నాది కాబట్టి చేశాను."

"అంతేనా?"

భాష్యం పెన్ను మూత తీశాడు, పెట్టాడు. "అంతే అయితే ఉత్తరం మీ చేతికిచ్చి ఊరుకునేవాడిని. వానలో తిట్లు తింటూ మాధవరం దాకా మీ వెనక రావాల్సిన పనేముందండీ?"

కోకిలకు కోపం ఇంకా ఎక్కువైంది. "ఈ మాట చెప్పేదానికి ఇన్ని దినాలా? గమ్మున కూర్చోండి. వస్తాను" అని నేరుగా మేనేజర్ క్యాబిన్లోకి నడిచింది.

"మేడమ్, మా నాయన నష్టపరిహారం అడగలేదు. మెమో వెనక్కి తీసుకుంటే ఇక మీదా అడగడు. తీసుకోకపోతే రేపే లాయరు నోటీసు వస్తుంది."

"బెదిరిస్తున్నావా అమ్మా?"

"లేదు మేడమ్. సెక్షన్ చెబుతున్నాను."

విజి మేడమ్ ఆ సాయంత్రమంతా పైవాళ్ళతో ఫోన్లో ఉంది. ఆ వారంలోనే మెమో వెనక్కి పోయింది. భాష్యం ఉద్యోగం నిలబడింది.

మాధవరంలో షెడ్డు తెరిచిన రోజు యతిరాజులు గుమ్మానికి, లేత్‌కు, చివరికి కరెంటు మీటరుకు కూడా పసుపు పూశాడు. గోవిందసామికి రాసిన మొదటి అద్దె చెక్కు వైపు గిన్నె జరుపుతుంటే కోకిల చటుక్కున లాగేసింది.

"చెక్కుకు వద్దు నాయనా."

"మరి ఇంత పసుపు ఏం చేసేది?"

కోకిల భాష్యం వైపు చూసింది. అతను కొత్త చొక్కాలో పెదవి విప్పకుండా నిలబడి ఉన్నాడు. ఆమెకు ఒళ్ళు మండింది.

"ఏమండీ, నోరు లేదా? శుభలేఖకు అని చెప్పండి."

"అదేనండీ... శుభలేఖకి" అన్నాడు భాష్యం.

యతిరాజులు గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. కూతుర్ని చూశాడు, కుర్రాణ్ణి చూశాడు. ఆ పసుపు చేతినే అతని భుజం మీద వేశాడు. కొత్త చొక్కా మీద అయిదు వేళ్ళూ పడ్డాయి.

"ఈసారి సంతకం మీదికి పాకకుండా పూస్తానులే అల్లుడా."