పట్రీ ఎఫ్ఎం మొదటి గొంతు

ఉదయం 9:31. రైల్వే ఊరి తాల్‌బగీచా పేటలోని పట్రీ ఎఫ్ఎం లైబ్రరీ గదిలో ఒక సీడీ మాయమైంది.

పదిహేడేళ్ళ కిందట స్టేషన్ మొదలైన పొద్దుటి రికార్డింగ్ అది. ఇంకో కాపీ లేదు. ఈ రోజుతో స్టేషన్ మూత. పదకొండింటికి ఆఖరి ప్రోగ్రాం ఆ సీడీతోనే మొదలవుతుందని వారం రోజులుగా ఊరంతటికీ చెప్తున్నారు.

రిటైర్డ్ రైల్వే పోలీసు (ఆర్పీఎఫ్) ఇన్‌స్పెక్టర్ తీతు, ఫోన్ అందుకుని నిమ్‌పురా పేట నుంచి స్కూటర్ మీద వచ్చేసరికి 9:50.

బీరువా పక్కన గోడ స్పీకర్లో పాట వస్తోంది. బీరువా తాళం పగల్లేదు. తాళంచెవి మేకుకే వేలాడుతోంది. ఇంటి దొంగే.

వరండా బల్ల మీద మెడకు స్కార్ఫ్ చుట్టుకున్న ఒకావిడ, పక్కన పదహారేళ్ళ పిల్ల కూర్చుని ఉన్నారు.

"మీరెవరమ్మా?"

పిల్లే జవాబిచ్చింది. "నేను ఏంజలిన్ అంకుల్. మాయమ్మ దోర్కా. మొదట్లో ఇక్కడ అనౌన్సర్‌గా సేసినాది. ఇప్పుడే ప్రేమ్ బజార్ నుంచి వచ్చినాం."

"ఆవిడ్నే సెప్పనీ."

"అమ్మకి మాట లేదంకుల్. గొంతులో కేన్సర్. నాకు రెండేళ్ళప్పుడు ఆపరేషన్ సేసినారు. అమ్మ గొంతు ఎలాగుంటాదో నాకు తెల్దు. ఆ సీడీలో ఉందంట."

తీతు ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో రాగి తీగలు, సూట్‌కేసులు, వేగన్ల సరుకు ఎన్నో వెతికి పట్టాడు. ఇలాంటి సొత్తు వెతకడం ఇదే మొదలు.

స్టాఫ్ ముగ్గురే. 9:15కి సీడీ బీరువాలో ఉండటం అనౌన్సర్ ప్రశాంతి చూసింది.

"తరవాత ఎక్కడున్నావు?"

"స్టూడియోలో, మైకు ముందర. 9:20కి స్వర్ణకుమారి గారికి పెళ్ళిరోజు శుభాకాంక్షలు సెప్పినాను. పాట ఏసి 9:31కి సీడీ కోసం వస్తే లేదు."

ఇంజనీర్ సిరిల్ ఆ సమయానికి నిమ్‌పురా టవర్ దగ్గర ఉన్నాడు. అక్కడి వాచ్‌మన్ ఫోన్లో అవునన్నాడు.

మిగిలింది ఓనర్ గిరిబాబు. ఆయన గది మేడ మీద. తలుపు పక్కన ఇత్తడి పలక: 'పట్రీ ఎఫ్ఎం మొదటి గొంతు, గిరిబాబు.'

"ఇక్కడే ఉన్నానండీ, రేడియో ఇంటన్నాను. ప్రశాంతి ఎవరో స్వర్ణకుమారికి పెళ్ళిరోజు శుభాకాంక్షలు సెప్పింది. కావాలంటే అడగండి."

తీతు కిందికి వచ్చి, సిరిల్ టవర్ నుంచి తిరిగొచ్చి రాసిన లాగ్‌బుక్ తెరిచాడు. ఒక లైను దగ్గర వేలు ఆగింది.

10:25కి అందరినీ లైబ్రరీ గదిలోకి పిలిచాడు. తల్లీకూతుళ్ళనూ రమ్మని, వాళ్ళు ఏ గొంతు కోసం వచ్చారో అందరికీ చెప్పాడు.

"సిరిల్, టవర్‌కి ఎందుకెళ్ళినావు?"

"కరెంట్ పోనాది సార్. 9:17 నుంచి 9:25 దాకా ట్రాన్స్‌మిటర్ ఆగిపోనాది. జనరేటర్ ఏసినాను."

"మరి ప్రశాంతి మాటాడతానే ఉంది గదా?"

"స్టూడియోకి ఇన్వర్టర్ ఉంది. తనకి తెలీలేదు."

తీతు గిరిబాబు వైపు తిరిగాడు. "ఆ ఎనిమిది నిమిషాలు ఊళ్ళో ఏ రేడియో పలకలేదు. మీ రేడియో ఎలా పలికింది గిరిబాబు గారూ? ఆ శుభాకాంక్షలు వినబడింది ఒక్క చోటే. స్టూడియో నుంచి నేరుగా వైరున్న ఈ స్పీకర్లో. ఈ బీరువా పక్కన."

గిరిబాబు నుదురు తుడుచుకున్నాడు. జేబులోంచి రుమాలు మూట తీసి బల్ల మీద పెట్టాడు. సీడీ. రెండు ముక్కలు.

"ఎందుకు?"

"మొదటి గొంతు దోర్కాది. నాదని ఊరంతా సెప్పుకున్నాను. నా పిల్లలకీ అదే సెప్పినాను. ఆఖరి రోజున అబద్ధం బయటపడతాదని ఇరిసేసినాను." ఆయన ఏంజలిన్ వైపు చూశాడు. "ఈ పాప సంగతి అప్పుడు నాకు తెల్దండీ."

ఏంజలిన్ రెండు ముక్కలూ తీసుకుని అంచు కలిపి చూసింది. మళ్ళీ విడదీసింది. మళ్ళీ కలిపింది. ఎవరూ వద్దనలేదు.

దోర్కా కళ్ళు తుడుచుకుని ఫోన్‌లో ఏదో టైప్ చేసి తీతుకు ఇచ్చింది. 'కేసు వద్దు. ఆ రోజు నేనేం చెప్పానో ఆయన్నే మైకులో చెప్పమనండి.'

పదకొండు. గిరిబాబు మైకు ముందు కూర్చుని ముందు నిజం చెప్పాడు. తర్వాత ఆ మొదటి మాటలు అందుకున్నాడు.

"టిఫిన్ కేరేజీలు కడుతున్న అమ్మలకి, నైట్ డ్యూటీ దిగి ఇంటికొస్తున్న అన్నలకి నమస్కారం. ఇది మన ఊరి రేడియో..."

వరండాలో తీతు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బల్ల మీద కూర్చున్న దోర్కా పెదాలు ఆ మాటల వెంటే కదులుతున్నాయి.

గిరిబాబు గొంతు తడబడింది. ఆగిపోయింది. లైబ్రరీ గది స్పీకర్లోంచి ఏడుపు.

దోర్కా పెదాలు ఆగలేదు.

ఏంజలిన్ తల్లి నోటినే చూస్తోంది. ఆ పెదాలు కదిలినట్టే తన పెదాలూ కదిపి, మెల్లగా పైకి అంది.

"నా పేరు దోర్కా."