మినిట్స్‌లో రాయించిన జవాబు

రిషి ఆ కుర్చీలో కూర్చోకుండా ఉండాల్సింది. కానీ కొండ మీది పాత కోర్టు హాలు ఖాళీగా ఉంది, మైక్ టెస్ట్ చేయాలి, జడ్జిగారి కుర్చీ ఏమో రారమ్మంటోంది. ఎక్కి కూర్చుని, "హలో హలో, ముద్దాయిని ప్రవేశపెట్టండి," అన్నాడు.

"ముద్దాయి పైనే ఉన్నాడు. కిందికి దిగమనండి," అంది గుమ్మంలోంచి ఒక గొంతు, తెలుగులోనే.

రిషి కంగారుగా దిగబోయి మెట్టు తప్పాడు. ఆ అమ్మాయి ఫక్కున నవ్వేసింది. మనవాడి పని అక్కడితో అయిపోయింది, పాపం.

ఆమె పేరు సృజన. చిన్న జిల్లాలాంటి వరింగా షైర్‌ని నడిపే కౌన్సిలర్లలో అందరికన్నా చిన్నది, ఆ ఊరి డాక్టరు రామ్మోహన్‌గారి కూతురు. మూడు వాగులు కలిసే ఆ షైర్‌లో వరదొస్తే ఊరికీ ఊరికీ దారి తెగిపోతుంది. మునగనిది ఈ కొండా, దీని మీది కోర్టూ. కేసులు ఎప్పుడో ఆగిపోయాయి, ఇప్పుడక్కడ కౌన్సిల్ మీటింగులు జరుగుతాయి. దాన్ని హోటల్ వాళ్ళకి అమ్మేసి వాగొడ్డున కొత్త ఆఫీసు కట్టాలని సగంమంది పట్టుబట్టారు. అమ్మొద్దని సృజన తీర్మానం పెట్టింది.

రిషి నగర శివారులోని స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్ నుంచి వచ్చి, మీటింగులు లైవ్‌లో చూపించే కెమెరాలు పెడుతున్నాడు. సొంత కంపెనీకి అదే మొదటి కాంట్రాక్ట్. కోర్టు నిలిస్తేనే అదీ నిలుస్తుంది.

"కేబుల్ మళ్ళీ ఊడిందా?" అంది సృజన ఒకరోజు.

"ఊడింది."

"ఊడిందా, ఊడదీశారా?"

"లాయర్ లేకుండా జవాబు చెప్పను."

సృజన నవ్వి, పక్కనున్న పొడుగాటి బల్ల నిమిరింది. "నేను దీని మీదే పుట్టాను తెలుసా? వరదకి హాస్పిటల్ రోడ్ కట్ అయితే అమ్మని ఇక్కడికే తెచ్చారు. నాన్నే డెలివరీ చేశారు. ఇది పోతే రేపు ఇంకో అమ్మ ఎక్కడికెళ్తుంది?"

ఆ మాటతో రిషి పూర్తిగా పడిపోయాడు. పడ్డవాడు ఊరుకోవచ్చుగా. స్వీట్లూ పళ్ళూ పట్టుకుని తిన్నగా రామ్మోహన్ ఇంటికి వెళ్ళి, "అంకుల్, పెళ్ళి మాట సృజనతో చెప్పేముందు మీతో చెప్పడం మర్యాద," అన్నాడు. రామ్మోహన్ మురిసిపోయి, భోజనాల దగ్గర కూతురికి చెప్పేశాడు.

మర్నాడు సృజన వానలో తడుస్తూ వచ్చింది.

"నాన్నని అడిగారంట."

"పెద్దవాళ్ళకి ముందు చెప్పాలని..."

"ఓటింగ్ రేపే, రిషీ. రెండ్రోజులు ఆగలేకపోయారా? మీకు లాభమొచ్చే విషయంలో ఇప్పుడు నేను ఓటెయ్యకూడదు. ఈ పెళ్ళి మాట మీటింగులో డిక్లేర్ చేసి బయటికి వెళ్ళిపోవాలి. అది రూల్. నా ఒక్క ఓటు తగ్గితే కోర్టు పోయినట్టే."

"ఎవరికీ తెలీదుగా."

"నాకు తెలుసు."

రిషికి సిగ్గేసింది. అంతలోనే, ఇలాంటి అమ్మాయినా నేను కోరుకున్నది అని ఛాతీ ఉప్పొంగింది. ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. తెల్లారగానే కాంట్రాక్ట్ వదులుకుంటున్నట్టు కౌన్సిల్‌కి మెయిల్ కొట్టాడు.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. రిషి గ్యాలరీలో రామ్మోహన్ పక్కన ముడుచుకుని కూర్చున్నాడు. ఎవరైనా డిక్లేర్ చేసేది ఉందా అని మేయరమ్మ అడగ్గానే సృజన లేచింది.

"గ్యాలరీలో ఉన్న ఒకతను నన్ను పెళ్ళి చేసుకుంటానని మా నాన్నగారిని అడిగాడు," అంది ఇంగ్లీషులో, తొణక్కుండా. "అతనికి ఇక్కడ కాంట్రాక్ట్ ఉండేది. పొద్దున వదులుకున్నాడు. వదులుకోమని నేను అడగలేదు."

హాలంతా వెనక్కి తిరిగి చూసింది. మేయరమ్మ అధికారులతో మాట్లాడి, కాంట్రాక్ట్ లేదు కాబట్టి సృజన ఓటెయ్యవచ్చంది.

చేతులు లేచాయి. ఒక్క ఓటుతో తీర్మానం గెలిచింది. ఆ ఓటు సృజనదే.

చప్పట్లు ఆగాక ఆమె మళ్ళీ లేచింది. "మేయర్‌గారూ, మినిట్స్‌లో ఇంకొక్క మాట. అతనికి నేనింకా జవాబు చెప్పలేదు. అవును అని రాసుకోండి."

రిషి చెవులు ఎర్రబడ్డాయి. రామ్మోహన్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, కాబోయే అల్లుడి భుజం మీద చెయ్యి వేశాడు.

"దాని మొదటి ఏడుపు ఈ గదిలోనే విన్నాను బాబూ," అన్నాడు. "ఇవాళ ఊరంతా దాని మాట వింది."