పేరు చూపని మిస్డ్ కాల్

వేలూరులో సగం కట్టిన బిల్డింగ్ వెనక, నీళ్ళ సంపులో శవం బోర్లా తేలుతోంది.

చనిపోయింది మేస్త్రి అప్పాసామి. ఊరు గుడియాత్తం. ఆదివారం కూలీలకు సెలవే గానీ, కొత్త స్లాబుకు సెలవుండదు కదా. నీళ్ళు కట్టడానికి ఒక్కడే వచ్చాడు. తల వెనక ఎవరో కమ్మితో మోదారు. మొబైల్ మాత్రం సంపు గట్టు మీద పొడిగా ఉంది.

తెల్లారేసరికి ఏసుదాస్ లాకప్‌లో ఉన్నాడు. సెంట్రింగ్ పనివాడు. పరంజా సరిగా కట్టించక తన తమ్ముడి కాలు విరగ్గొట్టాడని మేస్త్రిని రోజూ తిట్టిపోసేవాడు. ఆదివారం సాయంత్రం కూడా పోట్లాటకే వచ్చాడు. ఆరున్నరకు చిందులు తొక్కుతూ బయటికి పోవడం పక్కింటి వాచ్‌మన్ చూశాడు.

"మేస్త్రి కనబళ్ళేదమ్మా. పిలిచి పిలిచి ఎళ్ళిపోయినా," అన్నాడు ఏసుదాస్ ఎస్సైతో.

ఎవరు నమ్ముతారు? సైటు సూపర్‌వైజర్ అణ్ణామలై మాట ముందు అతని మాట నిలవలేదు.

శవాన్ని మొదట చూసింది అణ్ణామలై. ఆరూ ఇరవైకి తాను గుడియాత్తం బస్టాండులో ఉన్నానని, అప్పాసామి మిస్డ్ కాల్ వచ్చిందని చెప్పాడు. మేస్త్రి మిస్డ్ కాల్ ఇచ్చాడంటే సైటుకు రమ్మని. కట్టడం పనివాళ్ళందరికీ అదే అలవాటు. పైసా ఖర్చు లేదు. బస్సెక్కి ఎనిమిదికి వచ్చి చూస్తే శవం ఉందట. అప్పాసామి ఫోన్లో ఆఖరి కాల్ కూడా అణ్ణామలైకే. టైము 6.20.

అంటే అప్పటికి మేస్త్రి బతికే ఉన్నాడు. లోపల ఉన్నది ఏసుదాస్ ఒక్కడే. కోర్టులో నిలబెడితే అతని పని అయిపోయినట్టే.

అతని భార్య కన్నియమ్మ చంటిబిడ్డతో స్టేషన్ గేటు దగ్గరే కూర్చుంది. కదలమంటే కదలదు. ఎస్సై ఆరోకియమేరికి ఆమెను చూస్తే అన్నం సయించలేదు. అప్పనంగా చేతికొచ్చిన కేసంటే ఆమెకు మొదటినుంచీ గిట్టదు.

మేస్త్రి ఫోను తీసుకుని గుడియాత్తం వెళ్ళింది.

మేస్త్రి భార్య వళ్ళి ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. ఆమె అనుమానం వేరే ఎవరి మీదో ఉంది. పది రోజులుగా పొద్దుగూకే వేళకు ఆమె మొబైల్‌కు ఎవడో ఫోన్ చేస్తున్నాడు.

"పేరు రాదమ్మా, ఏందో ఇంగ్లీసు రాత. ప్రైవేట్ నంబర్ అని ఉండాదని పక్కింటి మీనా చదివింది. భయపడి కట్ చేసేస్తా. వాడే సంపినాడు."

"మీ ఆయనకు చెప్పలేదా?"

"ఎట్ల చెప్పేదమ్మా? ఎవడో ఫోన్ చేస్తాండాడంటే నన్నే తప్పుగా అనుకుంటే?"

"ఆదివారం వచ్చిందా?"

"వచ్చింది, ఆరు కాకముందే. కట్ చేసేసినా. మళ్ళా ఇంతవరకూ రాలేదు."

మొగుడితోనూ ఈ మధ్య రోజూ రభసే అంది. అతను పని దిగేముందు మిస్డ్ కాల్ ఇస్తాడు. సిమెంటు ఒళ్ళుతో వస్తాడు కాబట్టి ఆమె వేణ్ణీళ్ళు పెట్టాలి. ఇచ్చానని అతను, రాలేదని ఈమె.

ఆరోకియమేరి వీధిలోకి వచ్చి, మేస్త్రి ఫోను నుంచి తన నంబరుకే కాల్ చేసింది. తన స్క్రీను చూసుకుంది. వళ్ళికి ఏమీ చెప్పలేదు.

బజారులో మొబైల్ రిపేరు చేసే వినోద్‌కుమార్ దాచకుండా చెప్పాడు. పది రోజుల కింద ఆ ఫోనుకు డిస్‌ప్లే మార్చాడు. అప్పుడే నంబరు దాచే సెట్టింగ్ ఆన్ అయి ఉంటుంది.

"శనివారం వచ్చినాడు మేడం, నా కాల్ ఇంటికి పోలేదని. గిరాకీ ఎక్కువగా ఉంటే సోమవారం రమ్మన్యా. అర నిమిషం పని అది."

మర్నాడు మధ్యాహ్నం అందరినీ సైటుకు రప్పించింది. బేడీలతో ఏసుదాస్. బిడ్డతో కన్నియమ్మ. వళ్ళి. చలవ చొక్కాలో అణ్ణామలై.

"మిస్డ్ కాల్ వచ్చినప్పుడు స్క్రీను చూశారా?" అని అతన్ని అడిగింది.

"చూడకుండా ఎట్లమ్మా? మేస్త్రి పేరు వచ్చింది."

"బాగా చూశారా?"

"నా రెండు కండ్లతో చూసినా."

ఆరోకియమేరి చచ్చినవాడి ఫోను తీసి నొక్కింది.

అణ్ణామలై జేబులో ఫోను మోగింది.

"తీసి చదవండి."

తీశాడు. హెడ్ కానిస్టేబుల్ రాజమాణిక్యం తొంగి చూసి చదివాడు. ప్రైవేట్ నంబర్. ఫోను లాక్కుని మిస్డ్ కాల్స్ లిస్టు తెరిచాడు. ఆదివారం 6.20. అక్కడా అదే రాత.

"పది రోజులుగా ఈ ఫోను ఎవరికీ పేరు చూపదు," అంది ఆరోకియమేరి. "నిజంగా కాల్ అందుకున్నవాడు స్క్రీను చూస్తాడు. నువ్వు చూడలేదు. చూసే పనేముంది? నొక్కిందీ నువ్వే, మోగిందీ నీ జేబులోనే. ఏసుదాస్ ముందు వైపు మేస్త్రీ అని పిలుస్తుంటే, నువ్వు వెనక శవం పక్కన నిలబడి నొక్కావు. గోడ దూకి పోయి, ఎనిమిదికి గేటులోంచి వచ్చావు. అప్పుడు నీ ఫోను ఏ టవర్ కింద ఉందో కంపెనీని అడిగాను. ఫ్యాక్స్ వచ్చేదాకా ఆగుదామా?"

అణ్ణామలై ఇసుక కుప్ప మీద కూర్చుని అంతా ఒప్పుకున్నాడు. స్లాబులో వేయాల్సిన కమ్మి అమ్ముకుని సన్నకమ్మి వేయించాడు. సోమవారం ఓనరుకు చెప్పేస్తానన్నాడు మేస్త్రి. చెప్పనివ్వలేదు.

బేడీలు తీశారు. కన్నియమ్మ బిడ్డను ఏసుదాస్ చేతుల్లో పెట్టింది.

అందరూ పోయినా వళ్ళి సంపు దగ్గరే ఉండిపోయింది.

"ఆ ఫోను ఎవరికి చేసినా పేరు రాదా అమ్మా?"

"రాదు."

"అట్లయితే, నాకు వచ్చిందీ..."

ఆరోకియమేరి అబద్ధం చెప్పలేకపోయింది. 6.20 కింద ఇంకో కాల్ ఉంది. ఆదివారం 5.50, ఇంటికి. ఫోను ఆమె చేతికిచ్చింది.

వళ్ళి ఆ అంకెల మీద వేలు పెట్టింది.

"ఆ పొద్దు నేను వేణ్ణీళ్ళు పెట్టలేదమ్మా," అంది.