మూసేసిన ఫిర్యాదు

"డెజ్మండ్, మధ్యాహ్నం పన్నెండు వరకే నీకు టైముంది," అన్నాడు నిఘా సంస్థ చీఫ్ గిల్లిస్ ఫోన్‌లో.

కెనడాలోని హాలిఫాక్స్ రేవులో ఫ్లూ మందుల ఓడ ఆగి ఉంది. అంటువ్యాధి ఎంత పాకుతుందో లెక్కగట్టే 'టైడ్‌లైన్' సాఫ్ట్‌వేర్ పన్నెండింటికి అంచనా ఇస్తుంది. జబ్బు తగ్గుతోందని వస్తే ఓడ వెనక్కి పోతుంది. దారిలో ఆ మందులు కొట్టేయడానికి ఒక విదేశీ ముఠా కాచుకుని ఉంది. టైడ్‌లైన్ కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది, సభ్యులెవరైనా మార్చొచ్చు. అందులో ముఠా మనిషి అబద్ధం దూర్చినట్టు కబురు.

ఏజెంట్ డెజ్మండ్ ఆర్సెనో మూడు వారాలుగా వాలంటీర్ వేషంలో టైడ్‌లైన్ ఆఫీసులోనే ఉన్నాడు. కోడ్‌ని రెండుసార్లు జల్లెడ పట్టినా ఏమీ దొరకలేదు. మిగిలినవి, వాడేవాళ్లు రాసిన నాలుగు వందల ఫిర్యాదులు. రంగు బాలేదని ఒకరు, మ్యాప్ నత్తనడక నడుస్తోందని ఇంకొకరు. చదివి చదివి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

పదకొండున్నరకి, మూసేసిన ఫిర్యాదుల్లో ఒకటి కంటపడింది. కేప్ బ్రెటన్ దీవిలోని నర్సు ఎఫీ మెకైజాక్ రాసింది: "ముప్పై మంది రోగుల్ని ఎక్కిస్తే ముగ్గురినే లెక్కపెడుతోంది." కింద జవాబు: "మా దగ్గర అలా రాలేదు. మూసేశాం." సంతకం వలేరియా స్ట్రౌడ్.

వలేరియా! నవ్వితే ఆఫీసంతా కరిగిపోయే అందగత్తె. పైగా చీఫ్ స్వయంగా ఈ ఆఫీసులో పెట్టిన సొంత ఏజెంటు. ముఠాకి అమ్ముడుపోయిందా?

డెజ్మండ్ ఎఫీకి ఫోన్ చేశాడు.

"నాలుగుసార్లు రాశాను నాయనా! నాలుగుసార్లూ మూసేశారు. ఇప్పుడు గుర్తొచ్చానా?"

"తప్పే అమ్మా. తిట్లు తర్వాత తింటాను. ఎక్కడ తప్పుతోంది?"

"ఐదు వేల మంది లోపున్న ఊళ్లకే. మీరంతా హాలిఫాక్స్ లెక్కే వేసి మురిసిపోతారుగా!"

చిన్న ఊళ్ల పట్టిక తెరిచాడు. పది మందికి ఒక్కరినే లెక్కించమని ఒక్క వరుస! సరిదిద్ది, ఎఫీకి పంపాడు. మార్పు అమలవ్వాలంటే ఇంకో సభ్యుడి ఆమోదం కావాలి; లెక్కలు ఎక్కించే నర్సులూ సభ్యులే.

"లే, డెజ్." గుమ్మంలో వలేరియా. చేతిలో లిప్‌స్టిక్ అంత తుపాకీ. "ఫిర్యాదులు చదివే పిచ్చోడు ఉంటాడనుకోలేదు. రెండో ఆమోదం నేనివ్వను."

"నేనిచ్చేశానమ్మాయ్," అంది స్పీకర్‌లో ఉన్న ఫోన్‌లోంచి ఎఫీ.

వలేరియా చూపు అటు తిరిగింది. ఆ క్షణం చాలు. డెజ్మండ్ ఆమె మణికట్టు మెలిపెట్టాడు. తుపాకీ కింద పడింది.

పదకొండు యాభై తొమ్మిది. తెరమీద చిన్న ఊళ్ల అంకె పది రెట్లకు ఎగబాకింది; జబ్బు పెరుగుతోందని అంచనా వచ్చింది. రేవులో క్రేన్లు మందుల పెట్టెలు దించడం మొదలుపెట్టాయి.

డెజ్మండ్ కుర్చీలో కూలబడ్డాడు. ఫోన్‌లో ఎఫీ ఇంకా వదల్లేదు.

"అయిందా, నాయనా? అయితే పెన్ను తీసుకో. ఇంకా ఆరు తప్పులున్నాయి."